చచ్చిన మందు

దేవకుమారి నేరం ఒప్పుకుంది. నన్ను భయపెట్టింది ఆ ఒప్పుకోవడమే.

ఒప్పుకున్నవాళ్ళు ఒక్క మాటతో ఆగరు. ఎందుకు చెయ్యాల్సి వచ్చిందో, ఎవరు చేయించారో, ఇంట్లో ఎవరికి ఎంత కష్టమో, అడగకపోయినా చెబుతారు. నేరం మనసులోంచి ఒంటరిగా బయటికి రాదు. చుట్టాలందరినీ వెంటబెట్టుకుని వస్తుంది. ఈ అమ్మాయి మాత్రం ఒక్క ముక్క చెప్పి లోపల గొళ్ళెం పెట్టేసుకుంది.

“మందు నానే అమ్మీసినాను సార్. సీసాల్లో నీళ్ళు పోసి పెట్టీసినాను.”

ముక్కాలిపీట మీద నా ఎదురుగా కూర్చుని ఉంది. ముఖం ప్రశాంతంగా ఉంది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు మాత్రం ఆ ముఖానివి కానట్టున్నాయి. ఒక చేతి వేళ్ళు రెండో చేతి వేళ్ళని చెరుకు పిప్పి పిండినట్టు పిండుతున్నాయి.

పోయిన జూలైలో సిలోన్‌లో అల్లర్లు జరిగినప్పుడు ఇళ్ళు తగలబడి పారిపోయి వచ్చిన అరవ కుటుంబాల్లో కొన్నిటిని ఓడలో విశాఖపట్నం తెచ్చారు. వన్ టౌన్ చివర, రేవు గోడ పక్కన, వాడకంలో లేని గోదాముల్లో వాళ్ళకి చోటిచ్చారు. వాళ్ళకి వైద్యం చెయ్యడానికి డాక్టర్ జ్ఞానశేఖర్ ఒక స్వచ్ఛంద బృందాన్ని కూడగట్టాడు. ఆ బృందంలో అరవం వచ్చిన మనిషి దేవకుమారి ఒక్కతే. తమిళదేశంలో నర్సింగ్ చదివింది. పిల్లలందరికీ ఆమే ట్రిపుల్ యాంటిజెన్ సూదులు వేసింది. రెండు విడతలూ పూర్తయ్యాయి. అయినా శిబిరంలో కంఠసర్పి పుట్టింది. గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరి మూసేసే జబ్బు అది, దగ్గితే పక్కవాళ్ళకి అంటుకుంటుంది. ఏ జబ్బు రాకూడదని సూది వేశారో ఆ జబ్బే వచ్చింది. ఒక పాప చచ్చిపోయింది. ఇద్దరు పిల్లలు ఆస్పత్రిలో ఉన్నారు.

ఏం జరిగిందో తేల్చమని డాక్టరు నన్ను పిలిపించాడు. నేను వచ్చేసరికే ఇన్‌స్పెక్టర్ అర్జునరావు తేల్చేశాడు.

“ఎవరికి అమ్మారు?” అన్నాను.

“ఓ మనిషికి.”

“ఎలా ఉంటాడు?”

“గుర్తు నేదు సార్.”

“సీసా మూతకి అల్యూమినియం రేకు చుట్టి ఉంటుంది కదా. దాన్ని ఎలా విప్పారు?”

“కత్తెరతో.”

“మళ్ళీ ఎలా బిగించారు?”

వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. “సేత్తోనే.”

శిబిరం గది మూల నుంచి నవ్వు వినిపించింది. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోవడంతో అర్జునరావు టోపీతో విసురుకుంటున్నాడు.

“ఏటి బావా, ఇంకా అవలేదేటి నీ మనశ్శాస్త్రం? ఒప్పుకున్న దొంగని పట్టుకుని నువ్వు కాదు, నువ్వు కాదని బతిమాలతన్నావు. నా సర్వీసులో ఇలాటి డిటెక్టివుని సూణ్ణేదు.”

“ఆ రేకుని చేత్తో బిగించడం ఎవరివల్లా కాదు. కావాలంటే నువ్వు ప్రయత్నించు.”

“నాకెందుకు? కోర్టులో ఆమే సెప్పుకుంతాది. రెండు గంటలకి మేజిస్ట్రేటు ముందు పెట్టాల. పైన ఎస్పీగారు ఫోను మీద ఫోను. పేపరోళ్ళు గేటుకాడ ఉన్నారు. సిలోనోళ్ళు మనం పెట్టిన అన్నం ముట్టుకోటం మానేసినారు.” అతను బల్ల మీది సీసా తీసి నా కళ్ళ ముందు ఊపాడు. “సూడు. పైన ఎలాగుందో!”

చూశాను. అడుగున తెల్లటి మడ్డి, పైన తేటగా నీరు.

“నీళ్ళు,” అన్నాడు. “పోర్టు కుళాయి నీళ్ళు. చాలా?”

చాలదు. రేకు చుట్టూ గోరు గీత కూడా లేదు. ఇంత పనితనంగా మూత బిగించిన దొంగ, ‘చేత్తోనే’ అని అబద్ధం ఆడలేక తడబడతాడా? అబద్ధానికి కూడా సాధన కావాలి. ఆమె ఈ అబద్ధాన్ని ఇవాళే కుట్టుకుని తొడుక్కుంది. ఇంకా ఒంటికి అతకలేదు.

“ఈ సీసా నాకు ఒక అరగంట ఇస్తావా?”

“ఉంచేసుకో. గోదాంనిండా ఉన్నాయి.” టోపీ పెట్టుకున్నాడు. “ఈలోగా నాను ఆ జనానికి ధైర్యం సెప్పొస్తాను. పాపం, ఏటయిందో తెలీక సచ్చిపోతన్నారు.”

ఆ మాటకి దేవకుమారి తలెత్తింది. ఆ క్షణంలో ఆమె కళ్ళలో కనిపించింది జైలు భయం కాదు. జైలుకి భయపడే మనిషి పోలీసు వెళ్ళిపోతుంటే తేలికపడుతుంది. ఈమె అతను గది దాటేదాకా చూపు తిప్పుకోలేకపోయింది.

మందు దాచే గది గోదాము వెనకాల ఉంది. తడి గోనెలు, ఫినాయిలు, ఎక్కడినుంచో సన్నటి చేపల వాసన. నడుం ఎత్తు చెక్కపెట్టె, లోపల రేకు, మధ్యలో పొట్టు. దాని పక్కన డాక్టర్ జ్ఞానశేఖర్ నిలబడి చేతులు కడుక్కుంటున్నాడు. నేను శిబిరానికి వచ్చినప్పటి నుంచీ ఆయన చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు.

“రాజుగారూ, ఆమె దొంగతనం చేసిందని నేను నమ్మను,” అన్నాడు. “కానీ నమ్మకపోతే మరి పిల్లలకి జబ్బు ఎందుకొచ్చింది?”

“మంచి మందు ఎలా ఉంటుందో నాకు చూపించగలరా?”

“పొద్దున్నే మద్రాసు నుంచి వచ్చింది.” గూట్లో ఉన్న థర్మాస్ ఫ్లాస్కు తీశాడు. “నేను ఆర్డరు రాయలేదు. దేవకుమారే తెప్పించినట్టుంది. ఎందుకో అర్థం కాలేదు. మూడో విడతకి ఇంకా టైముంది.”

ఆ సంగతి నా మనసులో ముల్లులా దిగింది. దొంగ తను దొంగిలించిన చోటికి కొత్త సరుకు తెప్పిస్తుందా?

ఫ్లాస్కులోంచి ఒక సీసా తీసి, పాత సీసాతోపాటు రెండింటినీ గట్టిగా కుదిపి కిటికీలో పక్కపక్కన పెట్టాను. కొత్తది గంజిలా తెల్లగా అలాగే నిలిచింది. పాతదానిలో తెల్లటి తునకలు విరిగిన పాలలా విడిపోయి, నేను చూస్తుండగానే అడుక్కి దిగిపోయాయి.

“నీళ్ళయితే ఈ తెలుపు ఎక్కడిది డాక్టరుగారూ?”

ఆయన వంగి చూశాడు. ఆయన చెవుల వెనక చెమట పట్టడం నేను గమనించాను.

“ఇది మందే,” అన్నాడు చివరికి. “సత్తువంతా ఆ తెల్లటి పొడికి అంటుకుని ఉంటుంది. గడ్డకట్టి కరిగితే పొడి ముద్దలు కడుతుందని ఎక్కడో చదివాను. అప్పుడది చచ్చిన మందే. కానీ గడ్డకట్టడమేమిటి? మే నెల! విశాఖపట్నం! మంచులో పెడితే మందు చల్లబడుతుంది గానీ గడ్డకట్టదు.”

నేను పెట్టె మూత ఎత్తాను. నిన్నటి మంచు కరిగి అడుగున జానెడు నీళ్ళు మిగిలాయి. చెయ్యి ముంచాను. వేలికి ఎక్కడో చిన్న కోత ఉన్నట్టుంది, చురుక్కుమంది. ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాను.

ఉప్పు. సముద్రం కంటే ఉప్పు.

అప్పుడే బయట తొక్కుడుబండి ఆగిన చప్పుడైంది. కట్టుపంచె పైకి దోపుకున్న మనిషి, చేపల రేవులో మంచు కొట్టే వరహాలు, గోనెలో చుట్టిన మంచుదిమ్మ భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. దాన్ని పెట్టెలో దింపి, చెక్కసుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. మాతో మాట్లాడుతూనే డాక్టరు తీసి పెట్టిన ఫ్లాస్కు మూత తీశాడు.

“కొత్త మందొచ్చినాదంట గదండి. వస్తాదని సిస్టరమ్మ నిన్ననే సెప్పింది. ఇది మాత్రం నీ సేత్తో ముట్టుకోకురా అంది. ఎందుకో మరి, కోపమొచ్చినట్టుంది నా మీద.” సీసాలు వరసగా మంచులో గుచ్చాడు. గోనెసంచిలో చెయ్యి పెట్టాడు. “సిస్టరమ్మే నేకపోతే మనమే గదా సూసుకోవాల.”

పిడికిలి బయటికి వచ్చింది. వేళ్ళ సందుల్లోంచి తెల్లటి పలుకులు రాలుతున్నాయి.

నేను ఆ మణికట్టు పట్టుకున్నాను. బహుశా అవసరమైనదానికంటే గట్టిగానే పట్టుకున్నాను.

“అదేమిటి?”

“ఉప్పండి.” నా ముఖం చూసి బెదిరిపోయాడు. “కల్లుప్పు. ఏటి బాబూ?”

“రోజూ వేస్తున్నావా?”

“ఎయ్యకపోతే ఎలాగండి? రొయ్యకి అదే గదా ఏస్తాం! ఉప్పేస్తే మంచు తొరగా కరిగిపోద్ది గానీ, ఆ సలవ ఈ సలవ కాదు. రొయ్య రాయైపోద్ది. కలకత్తా దాకా ఎల్లినా కంపు కొట్టదు.” గొంతు తగ్గించాడు. “ఇది సంటిపిల్లల మందు గదండి. అందుకనీసి రొయ్యలకేసిందాని కంటే రెండు పిడికిళ్ళు ఎక్కువే ఏసినాను. ఉప్పుకి పైసా కూడా ఎవుర్నీ అడగనేదు. తప్పేటన్నా సేసినానా?”

డాక్టరు గోడకి ఆనుకున్నాడు.

“నేనే చెప్పాను,” అన్నాడు. “కరెంటు పోయిన రోజున. మందు చెడిపోతుందేమోనని నాకు నిద్ర లేదు. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని వీడితో నేనే చెప్పాను. నేను సర్జన్ని, రాజుగారూ. టీకాలు నాకు తెలియవు.”

ఇద్దరి ముఖాలూ చూశాను. ఒకడి భయం, ఇంకొకడి ప్రేమ. రెండూ కలిసి ఈ పెట్టెలో ఒక పాపని చంపాయి. నేరం జరిగింది గానీ నేరస్థుడు లేడు. ఇలాంటి కేసు నాకు ఎప్పుడూ నచ్చదు. దొంగ దొరికితే మనిషి మనసు ఎక్కడో ఒక చోట ఆగుతుంది. ఇక్కడ ఆగడానికి చోటు లేదు.

“సీసాలు బయటికి తియ్యి,” అన్నాను వరహాలుతో. “మళ్ళీ ఫ్లాస్కులో పెట్టు. ఉప్పు ఇంకా పడలేదు. పరవాలేదు.”

“ఏటి జరిగిందండి?”

నేను గుమ్మం వైపు తిరిగాను. అతనికి చెప్పి ఉండాల్సిందేమో. అతను సీసాలు ఒక్కొక్కటే తీస్తూ, ప్రతిదాన్నీ పంచెతో తుడిచి, వెలుగులో పెట్టి చూస్తున్నాడు.

నేను వెనక్కి వచ్చేసరికి దేవకుమారి అదే పీట మీద ఉంది. ఒక ఉప్పుగల్లు ఆమె ముందు బల్ల మీద పెట్టాను.

వేళ్ళు ఆగిపోయాయి. నేను ఈ గదిలోకి వచ్చిన తర్వాత మొదటిసారి ఆ చేతులు చేతుల్లా కనిపించాయి.

“ఎప్పుడు తెలిసింది?” అన్నాను.

“రెండో విడత అయిపోతంటే.” “ఆఖరి సీసాలో సూది పెడితే లోపల ఐసుముక్క తగిలింది సార్. అప్పటికి అందరికీ ఏసీసినాను.”

“డాక్టరుగారికి చెప్పలేదు.”

“ఆయనకి సెప్తే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోద్ది. మంచోరు సార్. నిజం ఆయన కడుపులో ఇమడదు.” కొంచెం నవ్వబోయింది, కుదరలేదు. “మూడో విడత ఎలాగూ ఉంది గదా. దాన్నే మొదటిది అనుకుని మళ్ళీ మొదలెట్టీద్దాం, ఎవురికీ తెలీదు అనుకున్నాను. మద్రాసుకి కబురెట్టినాను. అంతలోకే ఆ పాప...”

“అది మీ తప్పు కాదు. మరి దొంగనని ఎందుకు ఒప్పుకున్నారు?”

ఆమె నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

“ఆ అమ్మలు మొదట్లో ఎలాగుండీవారో మీరు సూణ్ణేదు. బూటు చప్పుడైతే చాలు, పిల్లల్ని గోనెల కింద దాసీవారు. అక్కడ వాళ్ళిళ్ళకి నిప్పు పెట్టినోళ్ళు కూడా పలకరించే వచ్చినారంట. అందుకే పలకరించినోళ్ళని నమ్మరు. నాను చెప్పులు బయటిడిసి ఎల్లీదాన్ని. ముందు నా సేతికే సూది గుచ్చుకుని సూపించినాను. అప్పుడొకామె బిడ్డ చెయ్యి సాపింది. ఆమెని సూసి ఇంకొకామె.” బల్ల మీది ఉప్పుగల్లుని వేలితో దూరంగా నెట్టింది. “నర్సు దొంగంటే నర్సుని మారుస్తారు, అయిపోద్ది. మందే చచ్చిపోయిందంటే ఇంక దేవుడే సూది పట్టుకెళ్ళినా బిడ్డని సూపించరు సార్. నన్ను దొంగనే అననీండి. కొత్త మందు ఇంకెవురి సేతనన్నా ఏయించండి.”

శిక్ష కోరుకునే మనసు కారణాలు వెతుక్కుంటుందని నాకు తెలుసు. చచ్చిపోయిన పాప కోసం ఈమె జైలుకి వెళ్ళాలనుకుంటోంది, దానికి ఒక మంచి కారణం దొరికింది, అంతే అని కొట్టిపారెయ్యచ్చు. కానీ ఆ కారణంలో ఎక్కడా పగులు లేదు. నిజం చెబితే ఆమె బయటపడుతుంది, పిల్లలు పోతారు. చెప్పకపోతే పిల్లలు బతుకుతారు, ఆమె పోతుంది. నిజం కనిపెట్టడానికే నాకు డబ్బిస్తారు. కనిపెట్టాక దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరూ నేర్పలేదు.

అప్పుడు బయట మైకు గరగరలాడింది.

మొదట తెలుగులో, అర్జునరావు గొంతు. ఆ వెంటనే రేవు దగ్గర పనిచేసి అరవం పట్టుకున్న హెడ్డు కానిస్టేబుల్ గొంతు. జీపు గోదాముల చుట్టూ మెల్లగా తిరుగుతోంది.

“ఎవరూ భయపడొద్దు! మీ పిల్లలకి వేసినవి నీళ్ళ ఇంజక్షన్లు! వేసిన నర్సు దేవకుమారి దొంగ! దొంగని పోలీసువారు పట్టుకున్నారు! ఇవాళ మంచి ఇంజక్షన్లు వేస్తారు! అందరూ పిల్లలతో బయటికి రావాలి!”

దేవకుమారి లేచి నిలబడింది. పీట వెనక్కి పడిపోయింది.

“అయ్యో,” అంది. “పోలీసోళ్ళు సెప్తన్నారు.”

నాకు ఆలస్యంగా అర్థమైంది. దొంగ ఎవరో తెలియడం వేరు. ఆ మాట బూట్లు వేసుకుని, మైకు పట్టుకుని, పేరు పెట్టి పిలిచి, పిల్లల్ని బయటికి తెమ్మని చెప్పడం వేరు. ఆ పిలుపు ఎలా ఉంటుందో ఆ గోదాముల్లోవాళ్ళు ఇదివరకే విని ఉన్నారు.

ఇద్దరం పరుగెత్తాం. మొదటి గోదాము తలుపు ఓరగా ఉంది. లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. చాపలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. ఒక చిన్న గౌను దండెం మీద ఊగుతోంది. మనుషులు లేరు. వెనక గోడ కూలిన చోట, దుమ్ములో బోసికాళ్ళ గుర్తులు వన్ టౌన్ సందుల వైపు వెళ్ళాయి. రెండో గోదాము కూడా అంతే.

జీపు దిగి వచ్చిన అర్జునరావు గుమ్మంలో ఆగిపోయాడు.

“ఏరీ?” అన్నాడు.

“నువ్వు ధైర్యం చెప్పావు కదా. వెళ్ళిపోయారు.”

“వాళ్ళ మంచికే గదా బావా సెప్పినాను!”

“ఆమె దొంగ కాదు. అది మందే. రొయ్యలకి వేసినట్టు మంచులో ఉప్పు వేసి గడ్డకట్టించారు. కావాలంటే పెట్టెలో నీళ్ళు రుచి చూడు. నీ అరెస్టు సంగతి తర్వాత. వీళ్ళలో ఎంతమంది పిల్లలకి లోపల జబ్బు ఉందో నీకు తెలుసా? వాళ్ళిప్పుడు ఊళ్ళో ఉన్నారు.”

అతని ముఖంలోంచి ఇన్‌స్పెక్టరు దిగిపోవడం చూశాను. మిగిలినవాడు ఎవరికో తండ్రిలా ఉన్నాడు.

“మాయింట్లో సంటిది ఉంది,” అన్నాడు. తర్వాత దేవకుమారి వైపు తిరిగాడు. “నువ్వు పిలిస్తే వస్తారా అమ్మా?”

“దొంగ పిలిస్తేనా సార్?”

అతను తల దించుకున్నాడు. మైకు ఆమె చేతికి ఇచ్చాడు.

ఆమె నన్ను చూసింది. “ఏటి సెప్పమంటారు? దొంగననా, మందు చచ్చిపోయిందనా?”

నేను చెప్పేదాకా ఆమె ఆగలేదు. చెప్పులు విడిచింది. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, అరవకుండా, పక్కింటావిడతో మాట్లాడినట్టు అరవంలో మాట్లాడింది. నాకు అర్థమైనవి కొన్ని ముక్కలే. మందు చెడిపోయింది. నా చేతుల్లోనే చెడిపోయింది. తెలిసి కూడా మీకు చెప్పలేదు. మంచిది వచ్చింది. ముందు నాకే వేసుకుంటాను, చూడండి.

ఎవరూ రాలేదు. రేవులో ఎక్కడో క్రేన్ తిరుగుతున్న మూలుగు. అర్జునరావు గడియారం చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు.

గోడ కూలిన చోట ఒక ఆడమనిషి కనిపించింది. ఒంటరిగా ఉంది. చేతులు ఖాళీగా ఉన్నాయి. లోపలికి రాలేదు, ఇటుకల అవతలే నిలబడింది. దేవకుమారి మైకు వదిలేసి అటు నడిచింది. ఇద్దరూ గోడకి చెరోవైపూ నిలబడి మాట్లాడుకున్నారు. ఆ వచ్చినామె తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఏదో చూపించింది. దేవకుమారి ఆ ఇటుకలు పట్టుకుని కిందికి కూర్చుండిపోయింది.

“ఏటంటంది?” అన్నాడు అర్జునరావు.

“ఈమె పేరు సెల్లమ్మాళ్,” అంది దేవకుమారి. “పాపకి నిన్నటి నుంచి గొంతు మూసుకుపోతందంట. గొంతులో తెల్లగా కనిపించినాదంట. సూపిస్తే పట్టుకుపోతారనీసి చాప కింద దాసేసిందంట. ఇప్పుడు నా మాటిని, బతికించమని వచ్చింది.”

“అయితే పాపేదీ?”

“మైకులో మీ మాటినగానే వాళ్ళ తమ్ముడి భుజాన ఏసి పంపీసిందంట. గాజువాక బస్సు ఎక్కీసినాడంట.”

రెండు కావస్తోంది. ఫ్యాక్టరీల్లో షిఫ్టు మారే వేళ. ఆ దారిలో ఎన్ని బస్సులు తిరుగుతాయో మా ముగ్గురికీ తెలుసు. అర్జునరావు అప్పటికే జీపులో ఒక కాలు పెట్టాడు.

“ఏ బస్సో అడుగమ్మా! తొరగా!”

దేవకుమారి అడిగింది. ఆ తల్లి చెప్పిన జవాబు విని, దాన్ని మాకు చెప్పడానికి ముందు పెదాలు తడుపుకుంది.

“జనం ఎక్కువున్న బస్సే సూసి ఎక్కమందంట సార్. పిల్లని ఆళ్ళ మధ్యలో పెట్టుకుని నిలబడితే పోలీసులు పోల్చుకోలేరనీసి.”